ఉమ్మడి యంత్రము – వంతుల లెక్క



శృంగవరపుకోట ప్రాంతమువారికి నీటి లెక్క క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది మన ప్రక్కగా దిగివచ్చుచున్నది. ఆ నదిపై 1963 మొదలు 1968 వరకు కట్టిన తాటిపూడి జలాశయము 15 వేల ఎకరములకు పైబడిన ఆయకట్టుకు నీరిచ్చుటకును, విశాఖపట్టణమునకు త్రాగునీరు పంపుటకును ఉద్దేశింపబడినది. అంతకు పూర్వమే ఊరూర చెరువులును, మదుములును, నీరుకట్టు పనివారును ఉండిరి. ఒక్క నీటిని పదిమంది పంచుకొనునప్పుడు ఎవరికెంత, ఎవరికి ముందు, కరవు నాడు ఎట్లు అను ప్రశ్నలను మన తాతలు ప్రతి సంవత్సరము గట్టుమీద నిలువబడి పరిష్కరించుకొనిరి.

నేడు నేను మాటలాడబోవునది చెరువును గూర్చి కాదు, కంప్యూటరును గూర్చి. అయినను ఈ రెండింటి లెక్కయు ఒక్కటే యని నేను చాల ఆలస్యముగా, ఒక పొరపాటు చేసిన పిమ్మట తెలిసికొంటిని. ఆ పొరపాటును చెప్పుటకు ముందు ఈ లెక్క ఎక్కడ పుట్టి, ఏ త్రోవను మన పల్లె బడులకు వచ్చినదో విన్నవించెదను.

ఇప్పుడు పాఠశాలలందును కార్యాలయములందును ఒక పద్ధతి కలదు. ప్రతి బల్లపైన ఒక పూర్తి కంప్యూటరును ఉంచుటకు బదులుగా, ఒక గదిలో ఒకటి రెండు బలమైన యంత్రములను పెట్టుదురు. వీనికి సర్వరులని పేరు. బల్లపైన తెర, కీబోర్డు, మౌసు, ఒక చిన్న పెట్టె మాత్రమే ఉండును. పిల్లవాడు మీట నొక్కినప్పుడు పని జరుగునది సర్వరులో. బొమ్మ కనబడునది తెరమీద. పిల్లవానికి మాత్రము తన యెదుట సొంత కంప్యూటరు ఉన్నట్లే తోచును. లేనిది ఉన్నట్లు తోచుటచేత దీనికి వర్చువల్ డెస్క్‌టాప్ అని పేరు పెట్టిరి. సులువుగా మనము ‘మాయాబల్ల’ యందము.

దీనివలన లాభము స్పష్టము. మరమ్మతు ఒక్క చోటనే జరుగును. బల్లమీది చిన్నపెట్టె తక్కువ విద్యుత్తుతో పనిచేయును, పాడైనను కొద్ది ఖర్చుతో మార్చవచ్చును. కాని సర్వరు ఎంత పెద్దది కావలెను? దానిలో మెమరీ ఎంత, డిస్కు ఎంత ఉండవలెను? ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినచో ఒక్క బల్ల కాదు, బల్లలన్నియు ఒక్కసారిగా నిలిచిపోవును. ఉమ్మడి సొత్తులో లాభము ఉమ్మడి యైనట్లే నష్టమును ఉమ్మడియే.

ఇట్టి ఉమ్మడి వస్తువు లెక్కను శాస్త్రముగా మొదట వ్రాసినవారిలో ముఖ్యుడు డెన్మార్కు దేశస్థుడైన ఎర్లాంగ్. ఆయన కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో ఉద్యోగి. ఊరిలో వేలకొలది ఇండ్లలో టెలిఫోనులున్నను, అందరును ఒక్క క్షణమున మాటలాడరు గదా. కావున ఇంటికొక తీగ చొప్పున కేంద్రముల నడుమ వేయుట దండుగ. అయితే ఎన్ని తీగలు చాలును? 1909లో ఆయన ఈ విషయముపై తన మొదటి వ్యాసమును ప్రకటించెను. 1917లో, ఇన్ని పిలుపులకు ఇన్ని తీగలున్నచో ఎందరికి తీగ దొరకదో తెలుపు సూత్రము నిచ్చెను. ఆయన పేరనే టెలిఫోను రద్దీని కొలుచు మానమునకు 1946లో ‘ఎర్లాంగ్’ అని నామకరణము చేసిరి. ఈ విద్యను అనుసరించినవారు నేర్చిన మొదటి పాఠమేమనగా, దినమంతటి సగటును చూడరాదు. దినములో మిక్కిలి రద్దీగా ఉండు గంటను చూడవలెను. అర్ధరాత్రి ఖాళీగా ఉన్న తీగ ఉదయము పిలుచువానికి ఉపయోగపడదు.

కంప్యూటరు విషయములో ఈ ప్రశ్న 1959లో వచ్చినది. ఆ దినములలో కంప్యూటరు ఒక మేడంత వెలగలది. పండితుడైనను తన లెక్కను కార్డులమీద పొడిపించి ఇచ్చి, జవాబుకై గంటలకొలది, ఒక్కొక్కప్పుడు మరునాటి వరకు వేచియుండవలెను. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున జాన్ మెకార్తీ అను ఆచార్యుడు, ఒకే యంత్రము తన కాలమును తునుకలు చేసి పలువురికి వంతులు వేసి ఇచ్చిన బాగుండునని 1959 జనవరిలో ఒక పత్రము వ్రాసెను. మనిషి ఆలోచించు నిమిషములో యంత్రము వేరొకరి పనిని చేసివేయును. తిరిగి వచ్చుసరికి ఎవరికిని ఎడబాటు తెలియదు. అదే విద్యాలయమున కార్బటో అను నాయన 1961లో దీనిని చేసి చూపెను. పిమ్మట వారు వాడిన యంత్రములో 32,768 పదములు పట్టు జ్ఞాపకపు గదులు రెండుండెను. ఒకటి వంతులు వేయు పెద్ద ప్రోగ్రామునకు. రెండవది వాడుకదారుల పనికి. అంత చిన్న గదితో సుమారు 30 మందిని ఒక్కసారి కూర్చుండబెట్టిరి.

మరియొక మెట్టు 1967లో ఎక్కిరి. ఐ.బి.ఎం. వారి కేంబ్రిడ్జి శాస్త్రకేంద్రమున సి.పి.-40 అను ఏర్పాటు తయారయ్యెను. ఇందులో కాలమును మాత్రమే గాక యంత్రమునే పంచిరి. ప్రతి మనుష్యునకును తనదే యొక పూర్తి యంత్రము ఉన్నట్లు చూపించిరి. ఇట్టి మాయాయంత్రములు 14 ఒక్కసారి నడువగలిగెను. 1972లో ఆ కంపెనీ వి.ఎం.-370 అను పేర దీనిని అందరికిని అమ్మకమునకు పెట్టెను. మన నేటి మాయాబల్లకు తాత సి.పి.-40, తండ్రి వి.ఎం.-370 యని చెప్పవచ్చును. తరువాత 1998లో స్థాపింపబడిన వి.ఎం.వేర్ మొదలగు కంపెనీలు ఆ విద్యను చిన్న కంప్యూటర్లమీదికి తెచ్చినవి.

ఆ కాలముననే ఒక ఆపద కూడ బయటపడినది. వంతులలో కూర్చున్నవారి సంఖ్య ఒక హద్దు దాటగానే యంత్రము కొద్దిగా మందగించుట గాక, దాదాపు నిలిచిపోవుచుండెను. ఏల ఇట్లగుచున్నదో 1968లో పీటర్ డెన్నింగ్ వివరించెను. ప్రతి పనికిని ఒక్కొక్క సమయమున కొంత సామగ్రి జ్ఞాపకములో ఉండియే తీరవలెను. అందరి సామగ్రియు పట్టనిచో యంత్రము ఒకరి సామానును డిస్కుమీదికి మోసి, మరియొకరి సామానును లోపలికి తెచ్చి, మరల మోయుచు తన కాలమంతయు ఈ మోతలోనే గడుపును. కళ్లము ఇరుకైనప్పుడు నూర్పిడి సాగక కూలీలు పనలను ఇటునుంచి అటు మార్చుచుండుట మీరు చూచియే యుందురు. అందువలన రెండవ పాఠము: ప్రాసెసరు కాలమును వంతులు వేయవచ్చును గాని, మెమరీని అట్లు వేయుట ప్రమాదము. కాలము నీటి వంతు వంటిది. నా వంతు ముగిసిన తరువాత నీ వంతు. మెమరీ కూర్చుండు చోటు వంటిది. ఒక్క పీటమీద ఇద్దరు కూర్చుండలేరు.

ఇక మన దేశమునకు వత్తము. ఒక యంత్రమును పలువురు వాడుకొనుటను మన సామాన్యులు మొదట చూచినది రైలు టిక్కెట్ల కిటికీ యొద్ద. 1980ల నడుమ ఢిల్లీలో మొదలైన ఆ పద్ధతిలో కిటికీలు అనేకము, వెనుక యంత్రము ఉమ్మడి. పల్లె బడులకు ఈ విద్య విరివిగా వచ్చినది 2009 ప్రాంతమున. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 5,000 పాఠశాలలలో కంప్యూటరు విద్య పెట్టదలచి, ఒక కంప్యూటరును పలువురు పిల్లలు పంచుకొను ఎన్‌కంప్యూటింగ్ వారి పరికరములను ఎన్నుకొనెను. మొత్తము 50,000 స్థానములు. 18 లక్షల విద్యార్థులకు ఉపయోగమని ప్రకటించిరి.

ఈ అంకెలను ఒకసారి భాగించి చూడుడు. బడికి 10 స్థానములు. బడికి 360 మంది పిల్లలు. స్థానమునకు 36 మంది. ఒక్కొక్క స్థానము దినమునకు 6 గంటలు ఎడతెగక నడచినచో పిల్లవానికి దినమునకు 10 నిమిషములు. ఇది సగటు లెక్క. పూర్తి కంప్యూటర్లే కొనదలచిన, ఆ ధనమునకు స్థానములు ఇంకను తగ్గియుండెడివి. కావున పంచుకొనుట తప్పుకాదు. పేద బడికి అదియే మార్గము. కాని పిల్లవాని వంతు 10 నిమిషములే యైనప్పుడు, అందులో 5 నిమిషములు యంత్రము మేలుకొనుటకే పోయినచో వాని చదువులో సగము పోయినట్లు గదా.

ఇప్పుడు నా పొరపాటు. నేను చిరకాలము లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుడను. కొన్నేండ్ల క్రిందట మా శృంగవరపుకోట చుట్టుపట్టులనున్న ఒక బడికి గ్రామ పెద్దలు చందాలు వేసికొని 30 మాయాబల్లలు పెట్టదలచి, అంచనా వేయుమని నన్ను కోరిరి. నేను కాగితము తీసికొని వేసిన లెక్క ఇది. బల్లకు 40 గిగాబైట్ల డిస్కు చొప్పున 30 బల్లలకు 1,200. కావున 2,000 గిగాబైట్ల డిస్కులు రెండు తీసికొని, ఒకదాని నకలు రెండవదానిలో ఉండునట్లు జతచేయించితిని. మెమరీ బల్లకు 2 గిగాబైట్ల చొప్పున 60, సర్వరు సొంత పనికి 4, మొత్తము 64. సర్వరు ఒక్కటియే. స్థలము మిగిలినది, చందా డబ్బు సరిపోయినది, నేనును సంతోషించితిని.

మొదటి దినమున తొలి గంట కొట్టగానే 30 మంది పిల్లలు 30 మీటలు ఒక్కసారి నొక్కిరి. తెరలమీద చక్రము తిరుగుచునే యున్నది. పావుగంట గడచినను కొన్ని బల్లలే మేలుకొన్నవి. కడపటి వరుసలోని ఒక చిన్నపిల్ల లేచి, “మాస్టారండీ, నా పెట్టి ఇంకా లెగలేదండి” అనెను. ఆ పెట్టె లేచుసరికి తరగతి ముగింపు గంట కొట్టిరి. ఆ పిల్ల పుస్తకము సర్దుకొని వెళ్లిపోయినది. ఆమెకు నేను చెప్పగలిగిన సమాధానము లేకపోయినది.

చందా వేసినవారిలో ఒక వృద్ధ రైతు గుమ్మమున నిలిచి చూచుచుండెను. ఆయనకు కంప్యూటరు తెలియదు. నేను డిస్కులో స్థలము సగము మిగిలియే యున్నదని చెప్పుచుండగా ఆయన విని, “మాస్టారూ, చెరువు నిండా నీరుంది, మదుమే ఇరుకు. ఉభాల నాడు తెలుస్తాది గానీ, కోతల నాడు తెలుస్తాదేటి?” అనెను. లెక్కలు చెప్పిన నాకు లెక్క అప్పుడు కనబడినది.

ఆ రాత్రి కూర్చుండి మరల లెక్కించితిని. తిరుగు డిస్కు నిమిషమునకు 7,200 సార్లు తిరుగును. అనగా సెకండునకు 120 చుట్లు. కావలసిన చోటు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా 4 మిల్లీసెకండ్లు. ముల్లు జరుగుటకు మరి 8 మిల్లీసెకండ్లు. ఒక్కొక్క కోరికకు 12 చొప్పున సెకండునకు సుమారు 80 కోరికలను మాత్రమే ఆ డిస్కు తీర్చగలదు. రెండు డిస్కులును చదివి ఇచ్చినచో 160. తరగతి నడుచునప్పుడు బల్లకు సెకండునకు 5 కోరికలనుకొన్నను 30 బల్లలకు 150; సరిపోయినట్లే యుండును. నా సగటు నన్ను మోసగించినది ఇక్కడనే. మేలుకొనుటకు ఒక్కొక్క బల్లకు 10,000 చిన్న కోరికలు కావలెననుకొందము. ఒక్క బల్లయే లేచునప్పుడు నిమిషము చాలును. పరీక్షించుటకు నేను ఒక్క బల్లనే లేపి చూచి తృప్తిపడితిని. 30 బల్లలు ఒక్కసారి లేచునప్పుడు 3,00,000 కోరికలు. 160 చొప్పున భాగించిన 31 నిమిషములు. దీనికి తోడు మెమరీ ఇరుకై డిస్కుమీదికి మోత మొదలైనది. డెన్నింగ్ 1968లో చెప్పిన ఆపద 30 బల్లలమీదను నా యెదుటనే జరిగినది.

మరుసటి యేడు చందా మరల పోగుచేసి సవరించిన విధమును చెప్పెదను. మీ ఊరి బడికి అవసరము రావచ్చును.

మొదట మదుము. తిరుగు డిస్కులకు బదులుగా కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. డిస్కులను వేసితిమి. వీనిలో ముల్లు లేదు, చుట్టు లేదు. సెకండునకు వేలకొలది కోరికలను తీర్చును. అంతటితో ఊరకొనక, గంట కొట్టుటకు ముందే బల్లలు ఐదేసి చొప్పున వరుసగా మేలుకొనునట్లు వేళలు నిర్ణయించితిమి. మదుము వెడల్పు చేయుట ఒక పని. వంతులు వేయుట వేరొక పని. రెండును కావలెను.

రెండవది స్థలము. 30 బల్లలకు 30 పూర్తి ప్రతులు అక్కరలేదు. మూలప్రతి 40 గిగాబైట్లు ఒక్కటి ఉంచి, ఒక్కొక్క బల్లలో మారిన భాగమునే విడిగా వ్రాసికొనవచ్చును. బల్లకు 5 చొప్పున 150; మూలముతో 190. బడిలోని 360 మంది పిల్లల సొంత పనికి తలకు 1 గిగాబైటు చొప్పున 360. మొత్తము 550. పెరుగుదలకు విడిచి 1,000 పెట్టుకొంటిమి. అయితే మారిన భాగములు నానాటికి పెరుగును. డిస్కు నిండినచో బల్లలన్నియు ఒక్కసారి ఆగును. వారమున కొకసారి ఎంత నిండినదో ఒకరు చూచి పుస్తకములో వ్రాయవలెను.

మూడవది మెమరీ. బల్లకు 4 గిగాబైట్లు. ఇందులో వంతులు లేవు. ఒక్క పెద్ద సర్వరుకు బదులుగా మధ్యరకపు సర్వరులు రెండు తీసికొంటిమి. ఒక్కొక్కదానిలో 96 గిగాబైట్లు. సొంత పనికి 16 తీసివేసిన 80. అనగా 20 బల్లలు. రెండును నడచునప్పుడు 30 బల్లలకు చాలును, ఇంకను పదింటికి చోటుండును. ఒకటి చెడినను 20 బల్లలు నడచును. పిల్లలు కొందరు ఇద్దరేసి కూర్చుందురు గాని తరగతి ఆగదు. దీనికై మూలప్రతియు పిల్లల పనియు రెండు సర్వరులలోను ఉండవలెను. మరియొక ప్రతిని వేరొక భవనములో దాచవలెను. ఒకే యింట ఉన్న రెండు గాదెలను నిప్పు వేరుచేసి చూడదు.

నాలుగవది ప్రాసెసరు. దీనిని మాత్రము ధైర్యముగా వంతులు వేయవచ్చును. బల్లకు రెండు వంతుల చొప్పున 30 బల్లలకు 60. రెండు సర్వరులలో ఎనిమిదేసి చొప్పున 16 కోరులు. కోరుకు నాలుగు వంతుల కంటె తక్కువయే పడినవి. చదువు, వ్రాత, లెక్కలు చేయు పిల్లలకు ఇది చాలును. అందరును చలనచిత్రములు చూచినచో చాలదు. అది ముందే చెప్పుకొనవలెను.

ఇంత శ్రమ ఎందులకు, ఎక్కడనో మహానగరములోనున్న సర్వరులను తీగమీద అద్దెకు తీసికొనరాదా యని కొందరడిగిరి. తీసికొనవచ్చును, తీగ నిలిచియున్నంత కాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు మన ప్రాంతమున స్తంభములు ఎట్లు కూలినవో, ఎన్ని దినములు చీకటిలో ఉంటిమో మరచినవారు లేరు. సర్వరు మన గదిలోనే యున్నచో చిన్న జనరేటరుతో తరగతి నడుపుకొనవచ్చును. కాని సొంత చెరువున్నవాడు గట్టు కూడ సొంతముగా కాపాడుకొనవలెను. తాళముచెవి ఎవరియొద్ద, దుమ్ము దులుపువారెవరు, చెడిన నాడు ఎవరిని పిలువవలెను అనునవి ముందే నిర్ణయింపనిచో సర్వరు కొనకుండుటయే మేలు.

పెద్దలారా, బడికి యంత్రములు కొను సభలలో మీరే కూర్చుందురు. అమ్మువారు స్థలమును చూపుదురు. ఇన్ని వేల గిగాబైట్లని చెప్పుదురు. మీరు వారిని నాలుగు ప్రశ్నలు అడుగుడు. అందరును ఒక్కసారి మీట నొక్కిన ఎన్ని నిమిషములకు కడపటి బల్ల లేచును? బల్లకు మెమరీ విడిగా ఎంత? ఒక సర్వరు ఆగినచో ఎన్ని బల్లలు నడచును? నిండినదా లేదా యని ఎవరు చూతురు? జవాబును కాగితముమీద గాక, 30 మంది పిల్లలను కూర్చుండబెట్టి గడియారము చేతబట్టి చూపించుమనుడు.

చెరువు మంచిదో కాదో గట్టు ప్రక్క మడిని చూచి ఎవరును చెప్పరు. శివారు మడికి నీరెక్కినదా యని చూతురు. మా బడిలో ఇప్పుడు నేను వెళ్లినప్పుడెల్ల మొదటి వరుసను చూడను. గంట కొట్టిన వెంటనే కడపటి వరుసలోని కడపటి తెరను చూతును. అది వెలిగినదనిన లెక్క సరిపోయినట్లే.